సబ్బు లేకుండా జారిన గాజులు

మహబూబాబాద్‌లో ఒక సభలో రాణికి శాలువా కప్పారు. మైకు ముందున్నాయన ఆమెను "సేవామూర్తి" అన్నాడు. అక్కడితో ఆగకుండా "తెల్లకోటు దేవత" అని కూడా అన్నాడు. రాణి వేసుకునేది తెల్లకోటు కాదు, ఆకుపచ్చ చొక్కా. అదీ ఉతికి ఉతికి పాచి రంగుకొచ్చింది. శాలువాను ఇంటికి తెచ్చి కుట్టుమిషను మీద దుమ్ము పడకుండా కప్పింది. దేవతలకు పొద్దున్నే డోర్నకల్‌లో ప్యాసింజరు అందుకునే పని ఉండదు. గార్లలో ఎక్కేవాళ్లతో కిటికీ సీటు కోసం తగాదా పడే పని అంతకన్నా ఉండదు.

ఆమె ఉద్యోగం మత్తు టెక్నీషియన్. మత్తు డాక్టరు పక్కన నిలబడి మందులు సిరంజిల్లో నింపాలి, వాటి మీద పేర్లు అంటించాలి, గొట్టాలు సరిచూడాలి. బల్ల మీదికి ఎక్కిన మనిషి మళ్లీ కళ్లు తెరిచేదాకా తెర మీద కదిలే గీతలకు కాపలా కాయాలి. కోసిన డాక్టరు పేరు పేషెంటుకు జన్మంతా గుర్తుంటుంది. నిద్రపుచ్చిన డాక్టరు పేరు సాయంత్రానికే మరిచిపోతారు. ఆ డాక్టరు పక్కన ఇంకో మనిషి ఉందన్న సంగతే ఎవరికీ తెలియదు. రాణికి దీని మీద ఫిర్యాదేమీ లేదు. "మత్తిచ్చినోళ్లు యాదికున్నరంటె ఏదో తప్పయినట్టే" అంటుంది నవ్వుతూ.

ఇంకో పని కూడా ఆమెదే. అది ఏ కాలేజీలోనూ నేర్పరు. గాజులు తీయడం.

మన ఆడవాళ్లు ఆపరేషన్‌కు ముందు చెప్పిన మాట అన్నిటికీ వింటారు, పుస్తెలతాడు, మెట్టెలు, గాజుల దగ్గర తప్ప. పుస్తెలతాడు తీయాలంటే ముందు మెడలో పసుపుదారం పడాలి. కాన్పుకు వచ్చినవాళ్ల గాజులు మరీ కష్టం. శ్రీమంతంనాడు ఒక్కో చేతికి రెండు డజన్లు ఎక్కించి పంపిస్తారు. బిడ్డ బయటపడేదాకా తీయొద్దంటారు, పగిలితే ఇంకేదో అవుతుందంటారు. గాజు పగిలితే చేయి కోసుకుపోతుందనీ, సెలైన్ సూదికీ బీపీ పట్టీకీ చోటు కావాలనీ చెబితే వినేవాళ్లు తక్కువ. రాణి వాదన పెట్టుకోదు. చేతికి సబ్బు నురగ పట్టించి, పలచటి పాలిథిన్ సంచి తొడిగి, మెటికల దగ్గర చిన్న మెలిక తిప్పి ఒక్కటొక్కటే జారుస్తుంది. పద్దెనిమిదేళ్లలో ఆమె చేతుల్లో పగిలినవి మూడే మూడు. ఆ మూడూ ఎవరివో కూడా చెప్పగలదు.

ఈ విద్య ఆమెకు జనగామలో అబ్బింది. డోర్నకల్‌లో రైల్వే గ్యాంగ్‌మన్ కూతురు. చదువు కాగానే జనగామలో ఓ నర్సింగ్ హోంలో చేరి, స్టేషన్ ఘన్‌పూర్‌లో పిన్ని ఇంట్లో ఉండి రోజూ రైల్లో పోయి వచ్చేది. అక్కడే డాక్టర్ వెంకట్రాం పరిచయం. మనిషి పొట్టి, మాట పొడుగు. మన జిల్లాల్లో మత్తు డాక్టరంటే ఒక చోట కూర్చునే ఉద్యోగం కాదు. భుజానికి సంచి తగిలించుకుని సోమవారం జనగామ, గురువారం మహబూబాబాద్, శనివారం భూపాలపల్లి అంటూ తిరగాలి. రైలు లేటైతే మూడు ఊళ్లలో ముగ్గురు సర్జన్లు ఫోన్లో తిడతారు. వెంకట్రాం ఆ తిట్లు వింటూనే పల్లీలు తినగలడు. రాణికి సిరంజి పట్టుకోవడం దగ్గర్నుంచి గుండె చప్పుడు వినడం దాకా నేర్పింది ఆయనే. గాజుల సంగతి మాత్రం పట్టించుకోలేదు.

జనగామ తర్వాత రాణి భూపాలపల్లిలో మూడేళ్లు పనిచేసింది. అక్కడ జరిగిందొకటి ఇప్పటికీ ఆమె గొంతులో ముల్లులా ఉంది.

బొగ్గుగని కార్మికుడి భార్య ఒకామె పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్‌కు వచ్చింది. రాణి సబ్బు నీళ్లు కలుపుతుండగానే ఆమె తన గాజులన్నీ తానే తీసి దోసిట్లో పోసింది. చేతిని కాగితంలా మడిచింది, అంతే. "అబ్బో, సులువుగ వస్తయే నీకు" అంది రాణి. ఆమె నవ్వి, "నాకు పంటి డాక్టరు సూది గూడ పనిచెయ్యదక్కా, మొద్దు బారదు. నాటకాలంటరు" అంది. రాణికి మనసులో ఏదో తట్టింది. అదేమిటో తెలియలేదు, అందుకే నోరు విప్పలేదు. ఆరోజు మత్తిచ్చింది వెంకట్రాం కాదు, మరో డాక్టరు. గొంతులో గొట్టం వేసేటప్పుడు లోపల చీరుకుపోయి రక్తం కారింది. చివర్లో కంటి మీది ప్లాస్టర్ లాగితే రెప్ప మీది చర్మం దానితోపాటే వచ్చింది. అంబులెన్సులో హనుమకొండకు పంపారు. తర్వాత ఏమైందో రాణికి ఎవరూ చెప్పలేదు. అడిగితే, "నీకెందుకు" అన్నారు.

నెల తర్వాత కాజీపేట ప్లాట్‌ఫారం మీద వెంకట్రాం దొరికాడు. రాణి జరిగిందంతా చెప్పింది. ఆయన మిర్చి బజ్జీ పొట్లం పక్కన పెట్టి, ఆ కాగితం అంచు మీదే పెన్నుతో ఒక చేయి బొమ్మ గీశాడు.

"ఎహ్లర్స్ డాన్లోస్ అంటరు దీన్ని. పుట్టుకతోనే వస్తది, తల్లికుంటె బిడ్డకు వచ్చే భయం సగం. మన ఒంట్ల చర్మాన్ని, కీళ్లను, రక్తనాళాలను పట్టి ఉంచేది ఒక నార లాంటిది ఉంటది సూడు, అది వీళ్లకు వదులుగ తయారైతది. నేను చదువుకునేటప్పుడు వరంగల్ల ఒక్కటంటె ఒక్క కేసు చూసిన. బొటనేలు ఎన్కకు ఒంచితె మణికట్టు మీద పడుకుంటదా? చిటికెనేలు నిలువుగ లేస్తదా? మానిన దెబ్బల మీద మచ్చలు ఉల్లిపొర లెక్క ఉన్నయా? గివి అడగాలె."

"మరి గాజులు సార్?"

"గాజులదేముందమ్మా, అందరికి జారుతయి."

"అందరికి జారయి సార్. మీరెప్పుడన్న తీసిండ్రా?"

డాక్టరు గారు బజ్జీ నమలడంలో పడిపోయారు.

ఇది జరిగి ఆరేళ్లు. మొన్న ఒక గురువారం.

రాణి ఇప్పుడు పనిచేసేది మహబూబాబాద్‌లో కాన్పుల ఆసుపత్రి. ఆరోజు మొదటి కేసు నెల్లికుదురు నుంచి వచ్చిన శ్రీలత, ఇరవై నాలుగేళ్లు, తొలి కాన్పు. బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది, నొప్పులు సన్నగా మొదలయ్యాయి. కాన్పుల డాక్టరు అరుణ మేడం ఆపరేషన్ అని తేల్చేసింది. తొమ్మిదింటికి జనగామ నుంచి వెంకట్రాం దిగాడు. ఫైలు చూశాడు, పళ్లు చూశాడు, నోరు తెరిపించాడు, నడుము తడిమాడు, అంతా బాగుందన్నాడు. వెన్నులో సూదికి సిద్ధం చేయమని థియేటర్‌లోకి వెళ్లాడు. మిగిలింది గాజులు.

మంచం పక్కన శ్రీలత అమ్మమ్మ లచ్చమ్మ కాపలా ఉంది. తల్లి లేని పిల్లను పెంచింది ఆమే. డెబ్బై దాటింది, గొంతు మాత్రం దాటలేదు.

"తియ్యనియ్య. ప్రాణం పొయినా తియ్యనియ్య."

"అవ్వా, జర నా మాట ఇను."

"నీ మాటేందే ఇనేది? నీ చేతులు సూస్కో, ఒక్క గాజన్న ఉన్నదా? గాజుల సంగతి నీకేం ఎరుక?"

"లోపట పనిచేసేటోళ్లం, మేం ఏస్కోవద్దవ్వా. గని మీ మండలంల సగం మంది ఆడోళ్ల గాజులు ఈ చేతుల మీదికెల్లే దిగినయి."

"నువ్వు ఊకో అమ్మమ్మా" అంది మంచం మీంచి శ్రీలత, నొప్పికి పెదవి కొరుకుతూనే. "తీస్తె తియ్యనీ. లోకం మునుగుతదా?"

"మీ అమ్మవి తీస్తెనే కదనే మునిగింది!"

ఇలాంటి చోట చాలామంది "ఛ, అవన్నీ మూఢనమ్మకాలు" అని దులిపేసుకుని పని చూసుకుంటారు. చదువుకున్నవాళ్ల పెద్ద జబ్బు అది. అవతలి మనిషి నమ్మకం తప్పని తేలగానే ఆ నమ్మకంలో ఉన్న సమాచారం కూడా పనికిరాదనుకుంటారు. రాణి స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఏమైందో చెప్పవ్వా. మొత్తం చెప్పు."

"ఏం చెప్పాలె బిడ్డా. నా బిడ్డ సరోజన. గిది అయిదేండ్ల పిల్ల అప్పుడు. రెండో కాన్పు. గాజులు తియ్యిమని నర్సమ్మ అన్నది. నేనే తీసిన, నా చేతుల్తోనే తీసిన. సబ్బు లేదు, నూనె లేదు. నీళ్లల్లకెల్లి తీసినట్టు వచ్చినయి. మొన్న పండుగనాడు ఎక్కించినయి, అంత బిగుతున్నయి, గట్లెట్ల వస్తున్నయని గుండెల దడ పుట్టింది. లోపటికి తీస్కపొయిండ్రు. రక్తం ఆగలె. కుట్టు ఏస్తే ఏసిన కాడ తెగుతున్నదని అన్నరట. తల్లి పాయె, పిల్లగాడు పాయె. నేను గాజులు తియ్యకపోతె..."

రాణి స్టూలు ముందుకు జరిపింది. అది ముసలామె ఏడుపుకు కాదు. నీళ్లల్లోంచి తీసినట్టు, కుట్టు వేసినచోట తెగింది. ఈ రెండు మాటలూ భూపాలపల్లి నుంచి నేరుగా నడిచి వచ్చినట్టున్నాయి.

చేతిలో ఉన్న సబ్బుబిళ్లను కిటికీ మీద పెట్టింది. శ్రీలత ఎడమ చేతిని అందుకుని, నురగ లేకుండా, సంచి లేకుండా, అరచేతిని కాస్త నొక్కింది. బొటనవేలు లోపలికి పడుకుంది, అందులో ఎముక లేనట్టు. మొదటి ఆకుపచ్చ గాజు దానంతటదే వచ్చి రాణి చేతిలో పడింది.

"శ్రీలతా, ఈ బొటనేలు ఎన్కకు ఒంచు."

శ్రీలత ఒంచింది. వేలు మణికట్టు మీద హాయిగా పడుకుంది. చిటికెనవేలు వెనక్కి నిలువుగా లేచింది. మోకాలి మీద పాత మచ్చ ఒకటి ఉంది, ముడతలు పడి, ఉల్లిపొర కంటే పలచగా.

"స్కూల్ల అందరు చేపించుకుని నవ్వేటోళ్లు అక్కా" అంది శ్రీలత. "కబడ్డీల నన్నెవ్వలు పట్టలేకపోయేది. చెయ్యి పట్టిండ్రంటె జారిపోయేదాన్ని. జిల్లా దాక పోయిన. భుజం ఊడేది, నేనే ఎక్కించుకుని మళ్ల కూతకు పోయేదాన్ని. మా సారు, నువ్వు చేపపిల్లవే అనేటోడు."

"పంటి డాక్టరు దగ్గరికి పొయినవా ఎప్పుడన్న?"

"అబ్బ, ఆ సంగతి తియ్యకు. మూడు సూదులేసినా మొద్దు బారలె. పన్ను అట్లనే పీకిండు. అరిస్తె నాటకాలన్నడు."

ఊరు ఊరంతా చప్పట్లు కొట్టిన జబ్బు అది. ఆ పిల్లకు పతకం కూడా ఇచ్చారు.

రాణి లేచింది. థియేటర్ తలుపు భుజంతో తోసింది. లోపల వెంకట్రాం సూది చేతిలోకి తీసుకుంటున్నాడు. అరుణ మేడం కడుక్కున్న చేతులు గాల్లో పట్టుకుని నిలబడింది.

"సార్, జర ఆగుండ్రి."

"ఏందమ్మా, మిషన్ ఖరాబైందా?"

"లేదు సార్. ముందు ఆమె బొటనేలు చూడుండ్రి."

అరుణ మేడంకు మరో రెండు కేసులున్నాయి. "రాణీ, మనం కోసేది కడుపు, వేలు కాదు."

ఆరేళ్ల కింద ఇలాంటి మాట ఒక్కటి చాలేది రాణి నోరు మూయించడానికి. ఇప్పుడు వెనక్కి తగ్గలేదు. "మేడం, ఆమె తల్లి గిట్లనే కాన్పు బల్ల మీద రక్తం ఆగక పోయింది. కుట్టు నిలువలేదట. సార్, కాజీపేటల మీరే చెప్పిండ్రు. బజ్జీల కాయిదం మీద బొమ్మ గీసిండ్రు."

వెంకట్రాం సూదిని ట్రేలో పెట్టేశాడు. బయటికి నడిచాడు. శ్రీలత వేళ్లు తనే ఒంచి చూశాడు, మోచేయి చూశాడు, మచ్చను గోటితో తాకీ తాకనట్టు తాకాడు. లచ్చమ్మను సరోజన గురించి రెండు ప్రశ్నలడిగాడు. తిరిగి రాణి వైపు చూసినప్పుడు ఆయన ముఖంలో ముప్పై ఏళ్లు రాలిపోయాయి, పరీక్ష హాల్లో తెలిసిన ప్రశ్న కనబడ్డ కుర్రాడిలా ఉన్నాడు.

"పళ్లు చూసిన, మెడ చూసిన. చేతులు చూడలే. ఆ గాజులు నాకు అడ్డం పడ్డయి, నీకు దారి చూపినయి."

ఇక అక్కణ్నుంచి మొదలైంది పరుగు. వరంగల్‌లో పెద్దాసుపత్రికి ఫోన్ చేస్తే తీసుకురమ్మన్నారు. అరుణ మేడం పరీక్ష చేసి తల అడ్డంగా ఊపింది. "నొప్పులు అయిదు నిమిషాలకొకటి వస్తున్నయి. గంటన్నర దారి. నెక్కొండ దగ్గర రోడ్డు మీద బిడ్డ వస్తె, రక్తం ఆగకపోతె, అక్కడెవరున్నరు? ఇక్కడే చేద్దాం. నేను గంటన్నర ఇస్త, మీకేం కావాల్నో తెచ్చుకోండి."

"రక్తం కావాలె. గుండె చూపియ్యాలె" అన్నాడు వెంకట్రాం. "ఈ జబ్బుల ఒక రకం ఉంటది, గుండె నుంచి వచ్చే పెద్ద నాళమే ఉబ్బి ఉంటది. ఈమెది ఏ రకమో జన్యుపరీక్ష వస్తెగని తెల్వదు. అప్పటిదాక అన్నిట్ల చెడ్డదే అనుకుని నడువాలె."

శ్రీలత భర్త వేణు అప్పటిదాకా వరండాలో గోళ్లు కొరుకుతూ ఉన్నాడు. పని దొరికేసరికి బాణంలా పోయాడు. పక్క వీధి గుండె డాక్టరు కుమార్‌ను మిషన్‌తో సహా ఆటోలో ఎక్కించాడు. దారిలో గుంతలకు కదలకుండా ఆ మిషన్‌ను ఒళ్లో బిడ్డలా పట్టుకు కూర్చున్నాడు. ఆటో ఆగేలోపే నెల్లికుదురుకు ఫోన్ కొట్టాడు. ముప్పావుగంటలో నాలుగు బైకుల మీద ఏడుగురు దిగారు, ఒకప్పుడు సాధనలో శ్రీలతకు ఎదురుగా ఆడిన కబడ్డీ జట్టు. "ఆమెను పట్టుకోనైతే పట్టుకోలేకపోయినం, రక్తమన్న ఇస్తం" అన్నాడొకడు. వాళ్లను అటు రక్తనిధికి పంపి, ఇటు సరిపడే రక్తం నాలుగు సంచులు తెప్పించారు.

కుమార్ మిషన్ తెర మీద పెద్ద నాళం మామూలుగానే కనబడింది. ఒక కవాటం కాస్త వదులు, అంతే. వెంకట్రాం అరచేతులు రుద్దుకున్నాడు.

రాణి థియేటర్‌ను తిరగేసింది. ప్లాస్టర్ అనే వస్తువు కంటికి కనబడకుండా తీసి బయట పెట్టింది. సెలైన్ సూదిని కట్టడానికి మెత్తటి బ్యాండేజీ, కళ్లు మూయడానికి తడి దూది. బీపీ పట్టీ కింద దూది చుట్ట, లేకపోతే పట్టీ నొక్కుడికే చర్మం కమిలిపోతుంది. బల్ల మీద మోచేతుల కింద, మడమల కింద, మోకాళ్ల కింద దిండ్లు. మెడ వెనక్కి వాలకుండా తువాలు చుట్ట. మామూలు కంటే సన్నటి గొంతు గొట్టం ఒకటి, దానికంటే సన్నది ఇంకొకటి. చివర కెమెరా ఉన్న పరికరానికి బ్యాటరీ నిండుగా.

"వెన్నుల సూదే వేద్దాం" అన్నాడు వెంకట్రాం. "సన్నది, ఒక్కటే పోటు. గని ఈమెకు మొద్దు బారే మందు పట్టకపోవచ్చు, గుర్తు పెట్టుకో."

అన్నీ అయ్యాయి, లచ్చమ్మ మాత్రం థియేటర్ గుమ్మంలో స్ట్రెచర్‌కు అడ్డంగా నిలబడింది. మనవరాలికి మిగిలిన గాజుల మీద రెండు చేతులూ వేసి.

"అవ్వా" అంది రాణి, "గాజులు చేతికుంటె పగుల్తయి. నీ మనవరాలి చర్మం ఎట్లాంటిదో చూసినవు గదా, గాజు గీసుకున్నా కుట్టు నిలువది. అట్లని బయట పెట్టిపో అంటలేను. నాతోని లోపటికి తెస్త. చేతికి కాదు, చేతి పక్కకు."

"పక్కకంటె?"

"ఆమె కండ్ల ముంగట."

లచ్చమ్మ ఆలోచించింది. గాజుల మీది చేతులు తీసి పక్కకు జరిగింది. నలభై ఎనిమిది గాజులూ సబ్బు లేకుండా జారాయి. రాణి వాటిని శుభ్రం చేసి, బ్యాండేజీ పీలికకు గుచ్చి, ముడివేసి, పారదర్శకమైన సంచిలో పెట్టి సెలైన్ స్టాండుకు వేలాడదీసింది.

"ఇదేంది, మీనాబజారా?" అన్నాడు వెంకట్రాం లోపలికి వస్తూ.

"ఉండనియ్యుండ్రి సార్. మీ మత్తు కన్న ముందు ఇది పనిచేసింది."

సూది ఒక్క పోటుకే దిగింది. అయిదు నిమిషాలాగి రాణి స్పిరిట్ దూదిని శ్రీలత కడుపు మీద రాసింది.

"చల్లగ తెలుస్తున్నదా?"

"తెలుస్తున్నదక్కా."

పది నిమిషాలు. కాళ్లు బరువెక్కాయి, కడుపు మాత్రం మేలుకునే ఉంది. శ్రీలత గొంతు సన్నగిల్లింది. "నిజంగనే తెలుస్తున్నది సార్. నాటకాలు గాదు."

"నమ్ముతున్న బిడ్డా" అన్నాడు వెంకట్రాం. ఆ మాట కోసం ఆ పిల్ల ఎన్నేళ్లుగా చూస్తోందో, కంటి చివర నీళ్లు గిర్రున తిరిగాయి. "ఇంకెవరికైనా అయితె రెండో సూది వేసేటోణ్ని. ఈ వెన్నుకు వద్దు. నిద్రపుచ్చుదాం."

అసలు గండం ఇప్పుడే. గొట్టం దిగేటప్పుడు బీపీ ఒక్కసారిగా ఎగిరితే లోపల ఏ నాళం చిట్లుతుందో తెలియదు. గొంతు గీసుకుంటే భూపాలపల్లే. దవడ గట్టిగా లాగితే అది భుజంలాగే ఊడి చేతికొస్తుంది. బీపీ ఎగరకుండా ముందే మందు పడింది. రాణి మాస్కును పాలమీగడ మీద ఉంచినట్టు ఉంచింది. శ్రీలత చూపు గాజుల సంచి మీద నిలిచి, మెల్లగా వాలిపోయింది.

"మెడ?"

"నిటారుగ ఉన్నది సార్."

కెమెరా తెర మీద గులాబీరంగు దారి కనబడింది. సన్నటి గొట్టం ఎక్కడా తగలకుండా, గడప దాటిన పిల్లిలా, లోపలికి జారింది. రాణి తెర చూసింది. బీపీ గీత ఒక్క గీటు లేచి మళ్లీ పడుకుంది. "ఉన్నది సార్, గొట్టం లోపటనే ఉన్నది!" అంది, అరుస్తున్నానన్న సంగతి కూడా తెలియకుండా. గొట్టాన్ని బ్యాండేజీతో వదులుగా కట్టింది. "మేడం, కానియ్యుండ్రి!"

నాలుగు నిమిషాల్లో బిడ్డ. కాళ్లు ముందు, తల వెనక, చివర్న గొంతు. ఆడపిల్ల. థియేటర్ గోడలు అదిరేలా ఏడ్చింది. అరుణ మేడం ఆ ఏడుపు వినే స్థితిలో లేదు. "తడిసిన కాయిదం మీద కుట్టు వేస్తున్నట్టుంది" అని గొణిగింది. లాగకుండా, బిగించకుండా, దూరం దూరంగా, లోతుగా, ఒక్కో కుట్టూ పడిందో లేదో చూసుకుని మరొకటి. రక్తం వస్తూనే ఉంది. రాణి మొదటి సంచి ఎక్కించింది. రెండోది ఎక్కించింది. మూడోదాన్ని చేతుల్లో వెచ్చబెడుతూ తెర మీది బీపీ అంకెలు పైకి చదువుతోంది, తొంభై, ఎనభై ఆరు, ఎనభై నాలుగు. వెంకట్రాం మందు పెంచాడు. ఎనభై నాలుగు. ఎనభై ఎనిమిది. తొంభై ఆరు.

"ఆగింది" అంది అరుణ మేడం. తర్వాత ఇంకో నిమిషం ఆగి, మళ్లీ చూసి, "ఆగింది" అంది. మూడో సంచి రాణి చేతుల్లోనే మిగిలిపోయింది.

శ్రీలత దగ్గకుండా గొట్టం తీయడానికి ఇంకో అరగంట. కళ్ల మీది తడి దూది తీస్తే రెప్పలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. రాణి ఆ రెప్పలను కాసేపు అలాగే చూసింది. శ్రీలత కళ్లు తెరిచి ముందు సంచి వైపు చూసింది, తర్వాత రాణి వైపు.

"పగిలినయా అక్కా?"

"ఒక్కటి గూడ పగల్లె. బిడ్డ పుట్టింది. నీ లెక్కనే కూతకొచ్చింది, ఇంటివా?"

వార్డులో సాయంత్రం ఎండ మంచం మీద పడుతుంటే వెంకట్రాం ఒక ఉత్తరం రాశాడు. రెండు నెలల్లో హైదరాబాద్‌లో జన్యుపరీక్షకు పోవాలని, అప్పటిదాకా ఏ ఆపరేషనైనా, పన్ను పీకడమైనా ఇది చూపించాలని. ఇంగ్లీషులో రాస్తుంటే రాణి అడ్డం పడింది.

"తెలుగుల గూడ రాయుండ్రి సార్. యాక్సిడెంటైతె నూటెనిమిది అంబులెన్సు పిల్లగాడు చదవాలె గదా."

రాశాడు. "ఈమెకు మొద్దుబారే మందు సరిగా పట్టదు, నొప్పి అంటే నమ్మండి. మెడ, దవడ గట్టిగా లాగవద్దు. చర్మానికి ప్లాస్టర్ వేయవద్దు. రక్తం సిద్ధంగా పెట్టుకోండి." వేణు దాన్ని జిరాక్స్ సెంటర్‌కు తీసుకుపోయి ప్లాస్టిక్ పొరలో పెట్టించుకొస్తానని లేచాడు.

"ఆగు" అంది లచ్చమ్మ. ఇంతసేపూ మనవరాలి కాళ్ల దగ్గరే కూర్చుని ఉంది. "ఏ జబ్బు అన్నరు సారూ, గది నా బిడ్డ సరోజనకు గూడ ఉండెనా?"

వెంకట్రాం తప్పించుకోలేదు. "ఉండి ఉంటది. రుజువు లేదు గని, నువ్వు చెప్పిందంత దానికే సరిపోతున్నది."

"అయితే గాజులు తీసినందుకు గాదు."

"కాదు అవ్వా" అంది రాణి. "జబ్బుండబట్టే గాజులు గట్ల జారినయి. గాజులు జారబట్టి ఏం కాలె."

ముసలామె ఆ మాటను నోట్లో వేసుకుని నమిలినట్టు దవడ కదిలించింది. పంతొమ్మిదేళ్లు ఆమె తన రెండు చేతులనూ నమ్మలేదు. "మరి కాయిదం మీద సరోజన పేరు గూడ రాయిమను. ఈ పసిపొల్లను రేపు ఎవరన్న చూస్తె, దీని అమ్మమ్మకు గూడ ఉండెనని తెల్వాలె. దీని బొటనేలు గూడ చూడు బిడ్డా."

"ఇప్పుడు తెల్వదవ్వా. పసిపిల్లల వేళ్లన్ని మెత్తగనే ఉంటయి. పెద్దగైనంక చూద్దాం."

వెంకట్రాం కలం తీసి అడుగున ఇంకో వాక్యం చేర్చాడు. రాణి సంచిలోంచి గాజుల దండ తీసి ముడి విప్పి లచ్చమ్మ ఒళ్లో పోసింది. జనగామ వైపు రైలుకు ఇంకో ఇరవై నిమిషాలుందని డాక్టరు గారు అరుస్తున్నారు. డోర్నకల్ బండి కూడా అప్పుడే. రాణి చెప్పులు వేసుకుంటూనే గుమ్మంలో ఆగింది.

లచ్చమ్మ మనవరాలి చేయి అందుకుంది. మొదటి గాజును వేళ్ల దగ్గర పెట్టి, ఒక్క క్షణం సందేహించి, వదిలింది. గాజు ఎక్కడా ఆగకుండా మణికట్టు దాకా పోయి గల్లుమంది. శ్రీలత కుట్టు నొప్పికి పొట్ట పట్టుకుని నవ్వింది.

"ఇంకొకటెయ్యి అమ్మమ్మా" అంది.